నడక నేర్చుకుంటున్నాను

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

వసంతా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి జవాబు చెప్పేలోపే మీ వార్డు నుంచి పిలుపొచ్చి పెట్టేశావు. "బొమ్మల్ని కంప్యూటరే కదిలిస్తుంది కదే, ఇక నువ్వు నేర్చుకునేదేముంది?" అన్నావు. ఇదే మాట మా అమ్మా అడిగింది, స్కూల్లో మా హెడ్మాస్టరుగారూ అడిగారు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పి ఊరుకున్నాను. నీకలా చెప్పబుద్ధి కాలేదు. పొద్దున లేస్తే పడిపోయినవాళ్ళని నిలబెట్టి నడిపించే పని నీది. నేను చెప్పేది నీకు అర్థమైనంతగా ఇంకెవరికీ కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చివర్లో బాబాయిగారి సంగతి కూడా ఉంది, అక్కడిదాకా చదువు.

కంప్యూటరు కదిలిస్తుందన్నది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. బొమ్మ చెయ్యి కింద ఉన్నట్టు ఒక ఫ్రేములో పెట్టి, పైకెత్తినట్టు ఇంకో ఫ్రేములో పెడితే, మధ్యలో ఉన్నవన్నీ అదే నింపేస్తుంది. సెకనుకి 24 ఫ్రేములు. నింపడానికి దానికి రెప్పపాటు కూడా పట్టదు. కానీ అలా నిండిన కదలికలో మనిషి ఉండడు. చేతికి బరువుండదు, ఎందుకు లేచిందో తెలీదు, నీళ్ళలో తేలుతున్నట్టు ఒకే తీరుగా జారిపోతుంది. మావాళ్ళు దాన్ని 'ఫ్లోటీ' అంటారు. నేను చేరిన ఆన్‌లైన్ యానిమేషన్ కోర్సులో మా మెంటర్ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. మెషీను తనంతట తాను ఇచ్చినదాన్ని ఎక్కడ ఒప్పుకోకూడదో తెలుసుకోవడమే ఈ చదువులో ముప్పాతిక వంతు.

మొదట ఇచ్చేది బంతి. చేతులు లేవు, కాళ్ళు లేవు, మొహం లేదు. పడాలి, ఎగరాలి, ఆగాలి. చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది గానీ అందులో ఎంతుందో చూడు. టేబుల్ టెన్నిస్ నియమాల్లో బల్ల ఎలా ఉండాలో చెబుతూ, 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి సుమారు 23 సెంటీమీటర్లు లేవాలని రాసి ఉంటుంది. ఆ 30 సెంటీమీటర్లు పడడానికి దాదాపు పావు సెకను, అంటే ఆరు ఫ్రేములు. 23 లేవడానికి ఐదు ఫ్రేములు, కొంచెం పైన. ఇంకోటి, ఆ ఆరు ఫ్రేముల్లోనూ సమానంగా పడదు. గెలీలియో చెప్పిన లెక్క ప్రకారం ఒకటి, మూడు, ఐదు, ఏడు ఇలా బేసి సంఖ్యల్లో దూరం పెరుగుతుంది. మొదటి ఫ్రేములో సెంటీమీటరు కూడా దిగదు, ఆఖరి ఫ్రేములో తొమ్మిదికి పైగా దిగుతుంది. ఈ పెరుగుదల ఉన్నంతసేపూ మన కన్ను అది బంతేనని నమ్ముతుంది. చెడిందా, చూసేవాళ్ళకి ఎందుకో తెలీదు గానీ, ఏదో తేడాగా ఉందంటారు.

ఇదంతా గ్రాఫ్ ఎడిటర్ అనే చోట చూసుకుంటాం. అడ్డంగా కాలం, నిలువుగా ఎత్తు, మధ్యలో ఒక గీత. బంతి పైన ఆగినట్టుండే చోట గీత గుండ్రంగా తిరగాలి, నేలను తాకిన చోట కోసుగా విరగాలి. కంప్యూటరుకి ఈ తేడా తెలీదు. కిందకూడా గుండ్రంగానే తిప్పుతుంది. దాంతో బంతి నేల దగ్గరికొచ్చేసరికి జంకి నెమ్మదిస్తుంది. ఆ ఒక్క మలుపునీ చేత్తో విరగ్గొట్టగానే బంతికి ప్రాణం వస్తుంది. నేను చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేస్తున్నాను, స్కూల్లో డ్రాయింగు చెబుతున్నాను, అయినా ఒక గీతను విరిస్తే బరువు పుడుతుందని నాకు ఎవరూ చూపించలేదు. ఆ రోజు ఆ బంతిని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో!

కోర్సు ఎలా నడుస్తుందో చెప్పలేదు కదూ. స్టూడియోలో పని చేసే యానిమేటరే ఇంట్లో కూర్చుని, దూరదేశంలో ఉన్న విద్యార్థికి నేర్పే పద్ధతి 2005లో కాలిఫోర్నియాలో మొదలైన యానిమేషన్ మెంటర్‌తో బాగా పేరుకొచ్చింది. బాబీ బెక్, షాన్ కెల్లీ, కార్లోస్ బేనా అనే ముగ్గురు యానిమేటర్లు పెట్టిన బడి అది. ఆ తర్వాత అదే దారిలో చాలా వచ్చాయి, నాదీ అందులో ఒకటి. వారానికో పాఠం, వారానికో పని. మా మెంటరూ కాలిఫోర్నియాలోనే ఉంటాడు. అక్కడ సాయంత్రం ఆరింటికి క్లాసు పెడితే మనకి మర్నాటి పొద్దున ఆరున్నర. చలికాలం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక ఏడున్నర అవుతుంది. అప్పుడు క్యారేజీ ముందే సర్దేసి చీర కట్టుకుని క్లాసులో కూర్చుంటాను, అయిపోగానే ఇటు స్కూలుకి పరుగు.

అసలు చదువు ఆ క్లాసులో కన్నా క్రిటిక్‌లో ఉంటుంది. నేను పంపిన షాటును ఆయన తన కంప్యూటర్లో పెట్టుకుని, ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ, దానిమీదే ఎర్రగీతలు గీస్తూ మాట్లాడతాడు. అదంతా వీడియోగా నాకొస్తుంది. మణికట్టు ఒక్కో ఫ్రేములో ఎక్కడుందో చుక్కలు పెట్టి, ఆ చుక్కలన్నీ కలిపి చూపిస్తాడు. చక్కటి వంపులో పోవలసిన దారి మధ్యలో ఒక చుక్క పక్కకి పోయి ఉంటుంది. ఆ ఒక్క ఫ్రేము వల్లే చెయ్యి జెర్కు కొట్టినట్టుందన్నమాట. తరగతి గదిలో మేష్టారు ఒకసారి చెప్పి తర్వాతి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు. ఇక్కడ ఆ మాట నా దగ్గర ఉండిపోతుంది. అర్ధరాత్రి ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింటాను. బొమ్మ గీసేవాళ్ళ పక్కన గురువు కూర్చుని చెయ్యి పట్టుకుని దిద్దాలి అనుకునేదాన్ని. ఈ విద్య వరకూ దూరం అడ్డు కాలేదు. తెర మీది పనిని తెర మీదే దిద్దుతున్నారు కదా.

లోటు లేదని కాదు. నటించి చూపించేటప్పుడు ఎదురుగా మనిషి ఉంటే బాగుంటుంది. నేను గదిలో తలుపేసుకుని, ఫోను కిటికీలో నిలబెట్టి, లేని పెట్టెను ఎత్తుతూ వీడియో తీసుకుంటాను. నా భుజం తప్పు లేచిందని పక్కనుంచి చెప్పేవాళ్ళుండరు. నువ్వుంటే చెప్పేదానివి.

మన దగ్గర చాలాచోట్ల యానిమేషన్ నేర్పుతామంటే సాఫ్ట్‌వేర్ నేర్పుతారు, అంతే. ఏ బటను ఎక్కడుందో చెప్పి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. మా స్కూల్లో చదివి వెళ్ళిన పిల్లలు ఇద్దరు ముగ్గురు అలాంటి చోట్ల వేలకు వేలు కట్టి, బంతి కూడా సరిగ్గా పడేయలేక నా దగ్గరికొచ్చారు. నాకు బాధేసింది. బటన్ల కోసం అంత డబ్బు అక్కర్లేదు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఓపెన్ సోర్స్. పైసా కట్టకుండా ఎవరైనా దించుకోవచ్చు, సినిమా పనికి చాలినంత బలమూ ఉంది. పెద్ద స్టూడియోలు ఎక్కువగా వాడే మాయా కూడా విద్యార్థులకి ఉచితంగా ఇస్తున్నారు. డబ్బు పెడితే మన పని చూసి దిద్దే కంటికి పెట్టాలి. వాళ్ళకి అదే చెప్పాను. ఇప్పుడు శనివారాలు మా ఇంటికొచ్చి బంతులు ఎగరేస్తున్నారు.

బంతి తర్వాత తోక ఉన్న బంతి, లోలకం, ఆ తర్వాత కాళ్ళు మాత్రమే ఉన్న బొమ్మ, ఆ తర్వాత పూర్తి మనిషి. డిస్నీలో పని చేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' అనే పెద్ద పుస్తకంలో పన్నెండు సూత్రాలున్నాయి. ప్రపంచంలో ఎక్కడ నేర్పినా అవే నేర్పుతారు. అన్నీ నీకు ఏకరువు పెట్టను. ఒకటి చాలు. ఏ కదలికకైనా ముందు దానికి ఎదురు దిక్కున చిన్న కదలిక ఉంటుంది. గెంతేవాడు ముందు కూర్చుంటాడు, విసిరేవాడు ముందు చెయ్యి వెనక్కి లాగుతాడు. చూసేవాళ్ళకి ఏదో జరగబోతోందని చెప్పేది అదే. దాన్ని యాంటిసిపేషన్ అంటారు.

బరువెత్తే పని ఇచ్చిన వారం మా వీధిలో గ్యాస్ బండి వచ్చింది. సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. ఆ అబ్బాయి దాన్ని దించి భుజానికెత్తుకోవడం ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను గానీ, చూడ్డం ఆరోజే. ముందు ఒక పాదం సిలిండరు పక్కకి వచ్చి కుదురుకుంది. తర్వాత నడుము దిగింది. చేతులు పట్టుకున్నాయి గానీ ఇంకా లాగలేదు. మోచేతులు తిన్నగా బిగుసుకున్నాయి, మెడ నరం తేలింది. సిలిండరు మాత్రం నేలమీదే ఉంది. అప్పుడు తుంటి ముందుకి తోసింది, దాని వెనక నడుము, నడుము వెనక భుజం, అన్నిటికన్నా చివర్న ఇనుము లేచింది. సిలిండరు కదలకముందు మనిషి ఎంత కదిలాడో! బరువంటే అదే. ఖాళీ సిలిండరు ఎత్తేటప్పుడు ఆ ముందు భాగం అసలు లేదు. కాలు పెట్టాడు, పట్టుకున్నాడు, బండిలో వేశాడు. ఇనుప బొమ్మ రెండిట్లోనూ ఒకటే. ఏది నిండుదో ఏది ఖాళీదో మనిషిని చూసే తెలుస్తుంది. మా మెంటరు ప్రతి షాట్‌లోనూ మొదట తుంటి చూస్తాడు. అది సరిగ్గా లేకపోతే చేతుల గురించి మాట్లాడనే మాట్లాడడు.

ఇక నడక. ఇక్కడే నీతో పోట్లాట ఉంది. నడకను మేం నాలుగు పోజుల్లో నేర్చుకుంటాం. మడమ నేలను తాకినప్పుడు ఒకటి; దాని తర్వాత ముందు మోకాలు మడిచి ఒళ్ళు దిగినప్పుడు రెండోది; వెనక కాలు పక్కనుంచి దాటిపోయేటప్పుడు మూడోది; వెనక కాలి వేళ్ళతో నేలను తన్ని పైకి లేచినప్పుడు నాలుగోది. రిచర్డ్ విలియమ్స్ 2001లో రాసిన పుస్తకం మాకు ఇందులో పెద్ద దిక్కు. మామూలు నడకకి అడుగుకి 12 ఫ్రేములు, రెండడుగులకి 24. నువ్వు అప్పట్లో కాలేజీ పుస్తకాలు నా దగ్గర వదిలేసి వెళ్ళావు చూడు, వాటిలో గెయిట్, అంటే నడక గురించిన అధ్యాయం తీసి చదివాను. ఒక చుట్టులో పాదం నేలమీదుండేది సుమారు 60 శాతం, గాల్లో 40 శాతం అని ఉంది. నా 24 ఫ్రేముల్లో పెడితే నేలమీద 14, గాల్లో 10. అచ్చంగా సరిపోయింది! కానీ మీ పుస్తకంలో ఒళ్ళు అన్నిటికన్నా ఎత్తున ఉండేది ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు పక్కనుంచి దాటేటప్పుడు. మా పుస్తకంలో అది దాటిన తర్వాత, తన్నుడులో. ఎవరిది నిజం?

కొలిచి చూస్తే మీదే నిజమని నాకూ తెలుసు. మా వాళ్ళు ఆ లేవడాన్ని కాస్త ఆలస్యం చేశారు. అలా చేస్తే కాలు నేలను తన్నడం వల్లే ఒళ్ళు లేచిందని కన్నుకి తెలుస్తుంది. నిజం నడకలో ఆ కారణం కండరాల్లో దాగి ఉంటుంది, మేం దాన్ని బయటికి తెచ్చి చూపించాలి. ఇది మోసం అనుకోను. కాకపోతే ఏది కొలతో ఏది చూపడం కోసం దిద్దుకున్నదో తెలిసి దిద్దాలి. ఆ తేడా తెలియడానికి మీ పుస్తకం పనికొచ్చింది.

మీ వృత్తికీ మా వృత్తికీ పాత చుట్టరికమే ఉంది తెలుసా? గుర్రం పరుగులో నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉంటాయని 1878లో ఫొటోలు తీసి చూపించిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్, తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనుషుల్నీ జంతువుల్నీ వరసగా ఫొటోలు తీశాడు. 1887లో 781 ప్లేట్లుగా అచ్చయ్యాయి. ఇప్పటికీ యానిమేటర్ల బల్లమీద ఉండే పుస్తకం అది. అయితే ఆ పనిలో ఫ్రాన్సిస్ డెర్కమ్ అనే నరాల డాక్టరు కూడా ఉన్నాడు. నడక దెబ్బతిన్న రోగుల్ని తీసుకొచ్చి కెమెరాల ముందు నడిపించాడు. అంటే నువ్వు చదివేదీ నేను చదివేదీ అప్పుడే ఒకే చోట, ఒకే కెమెరాల ముందు కలిశాయి. మీ గెయిట్ ల్యాబులో రోగి ఒంటికి మెరిసే బిళ్ళలు అతికించి తీసే వైకాన్ కెమెరాలే సినిమాల మోషన్ క్యాప్చర్‌లోనూ వాడతారు.

"మరి కెమెరాతో పట్టేసి బొమ్మకి తగిలిస్తే పోలా?" అంటావేమో. చాలాచోట్ల అదే చేస్తున్నారు, అదీ గొప్ప పనే. కానీ కెమెరాకి అన్నీ సమానం. వేలి వణుకూ, తల తిప్పడమూ ఒకటే దానికి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎవరో ఒకరు తేల్చాలి. డిస్నీవాళ్ళు 1937 నాటి 'స్నో వైట్' కోసం మార్జ్ చాంపియన్ అనే నర్తకి చేత ఆడించి ఫిల్ము తీశారు. ఆ ఫిల్ముని ఉన్నదున్నట్టు దింపిన చోట బొమ్మ నిర్జీవంగా వస్తోందని, చూసి అర్థం చేసుకుని మళ్ళీ గీశారు. మేమూ అంతే. రిఫరెన్స్ వీడియో తీసుకుంటాం, అందులోంచి కారణాలు ఏరుకుంటాం, ఆ తర్వాత వీడియో మూసేస్తాం.

మన 'ఈగ' గుర్తుందా? 2012లో నువ్వూ నేనూ కలిసే చూశాం. అప్పుడు కథ చూశాను. ఈమధ్య మళ్ళీ చూస్తే పని కనిపించింది. ఆ ఈగకి మాట లేదు, మనిషిలా నవ్వే మొహం లేదు. కోపం, పంతం, ప్రేమ అన్నీ తల వంచడంలో, ముందుకాళ్ళు రుద్దుకోవడంలో, ఒళ్ళు నిటారుగా పెట్టడంలో చెప్పాలి. హైదరాబాదులోని మకుట సంస్థ చేసిన పని, జాతీయ అవార్డు కూడా వచ్చింది. మొహం లేకుండా అంత చెప్పగలిగితే మొహం ఉన్నప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలి అనిపించింది.

మొహం పాఠాల్లో నన్ను ఆశ్చర్యపరిచింది పెదాలు అన్నిటికన్నా చివర్న రావడం. డైలాగు షాట్ చేసేటప్పుడు ముందు ఒళ్ళు, తర్వాత కళ్ళు, ఆ తర్వాతే నోరు. కళ్ళు తప్పితే నోరు ఎంత బాగా కదిలినా శవం మాట్లాడినట్టుంటుంది. రెప్ప ఎప్పుడు వెయ్యాలన్నది పెద్ద పాఠం. సినిమా ఎడిటర్ వాల్టర్ మర్చ్ 'ది కన్వర్జేషన్' అనే సినిమా కూర్చుతున్నప్పుడు, తాను కత్తెర వెయ్యాలనుకున్న చోటే నటుడు జీన్ హ్యాక్‌మన్ రెప్ప వేస్తున్నాడని గమనించాడు. ఒక ఆలోచన ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట రెప్ప పడుతుందని ఆయన రాశాడు. అప్పట్నుంచీ స్టాఫ్ రూములో ఎవరు మాట్లాడుతున్నా రెప్పలే చూస్తున్నాను.

నోటి దగ్గర నాకు ఇంకో పని పడింది. కోర్సులో ఇచ్చే నోటి బొమ్మల పట్టిక ఇంగ్లీషు కోసం చేసింది. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లు మీద ఆగుతాయి, నోరు మూసుకుంటుంది, లేదా బిగుస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. "వస్తాను", "వెళ్ళాడు", "ఏమిటి" అని అద్దం ముందు అనుకుని చూడు, చివర్న పెదాలు ఏదో ఒక ఆకారంలో తెరుచుకునే ఉంటాయి. ఆ పట్టికతో తెలుగు మాట్లాడిస్తే బొమ్మ ప్రతి మాటనీ కొరికి మింగుతున్నట్టుంటుంది. అందుకని మా పిల్లల చేత ప, బ, మ పలికించి వీడియోలు తీసి నా పట్టిక నేనే చేసుకుంటున్నాను. పెదాలు పూర్తిగా కలిసేది ఆ వర్గం అక్షరాల దగ్గరే. ఆ మూతకి కనీసం రెండు ఫ్రేములైనా ఇవ్వకపోతే కన్నుకి అందదు. మా మెంటరుకి తెలుగు రాదు. అయినా ఆ పట్టిక చూసి చాలా సంతోషించాడు, పూర్తిచెయ్యమన్నాడు. చేస్తాను. మన పిల్లలకి కావాలి అది.

ఇప్పుడు చేస్తున్న షాటు చెబుతాను. ఒక పెద్దాయన పల్లెవెలుగు బస్సు దిగడం. అంతే కథ. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో నల్ల కవరులో మొక్క. ఈపాటికి నీకు తెలిసిపోయి ఉంటుంది. అవును, బాబాయిగారే, మీ నాన్నగారు. కడియం వెళ్ళి మీ పెదనాన్నగారిని చూసి వస్తూ ప్రతిసారీ ఏదో ఒక మొక్క తెస్తారు. కోటిపల్లి బస్టాండు దగ్గర ఆయన దిగడం చూసినప్పుడే ఇది చెయ్యాలనిపించింది. అడిగితే సరేనని, నా ఫోను ముందు రెండుసార్లు దిగి చూపించారు కూడా. డ్రైవరు పాపం ఓపిగ్గా ఆగాడు.

కుడి మోకాలు నొప్పి కాబట్టి కర్ర ఎడమచేత్తో పట్టుకోవాలని నువ్వు ఎన్నిసార్లు ఫోన్లో చెప్పావో పిన్నిగారు చెప్పారు. ఆయన కుడిచేత్తోనే పట్టుకుంటారు. ఎందుకంటే ఎడమచేతిలో మొక్క ఉంటుంది, గుండెకి ఆనించుకుని, చిగురు విరక్కుండా. కుడిచేత్తో మొక్క పట్టుకోరు, ఆ పక్క జనం ఒరుసుకుంటారట. మా మెంటరు కూడా మొదట ఇదే అడిగాడు: ఈయన కర్ర నొప్పి ఉన్న పక్కనే ఎందుకు పట్టుకున్నాడని. కారణం చెప్పాను. అయితే ఆ కారణం తెరమీద కనిపించాలన్నాడు. దాంతో షాటంతా మారింది. ఇప్పుడు ఆయన కళ్ళు ముందు మెట్టును చూడవు, మొక్కను చూస్తాయి. గడ్డం కిందికి లాగి ఆకు వంగలేదు కదా అని చూసుకుంటారు. తర్వాత మెట్టు. కర్ర కిందికి తాకుతుంది, ఒక తట్టు, రెండో తట్టు, నేల గట్టిగా ఉందని నమ్మకం కుదిరాక నొప్పి కాలు దిగుతుంది. ఎక్కేటప్పుడు మంచికాలు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు అని మీరు రోగులకి చెబుతారు చూడు, ఆ నియమం మాత్రం ఆయన ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నారు. పాదం ఆనగానే ఒళ్ళు ఒక్కసారిగా పడుతుంది, కుడి భుజం కర్ర మీదికి లేస్తుంది. మొక్క మాత్రం కదలదు! ఒళ్ళంతా కుదుపుకి లోనైనా ఆ ఎడమ మోచెయ్యి కుదుపుని మింగేసి మొక్కని నిలబెడుతుంది. ఆ మోచేతి గీతను గ్రాఫులో దిద్దడానికే ఈ వారమంతా పట్టింది. అదొక్కటీ కుదిరితే ఆయనెవరో ఎవరికీ చెప్పక్కర్లేదు.

సరైన పద్ధతిలో కర్ర పట్టుకున్న ముసలాయన్ని చెయ్యడం సులువు. నడక పుస్తకాల్లో ఉంది. కానీ ఆయన ఎవరైనా కావచ్చు. తప్పుచేత్తో పట్టుకోవడానికి తనదైన కారణం ఉన్న ఆయన మాత్రం మీ నాన్నగారే. క్యారెక్టర్ యానిమేషన్‌లో నేను నేర్చుకుంటున్నది ఇదీ అని ఇప్పుడు నీకు చెప్పగలను.

ఇప్పుడు అసలు సంగతి. కంగారు పడకు, కానీ శ్రద్ధగా చదువు. వేసవిలో బాబాయిగారు మీ వీధిలో నడుస్తుంటే ఒక వీడియో తీశాను. మొన్న శుక్రవారం ఈ షాటు కోసం అదే చోట ఇంకోటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి ఫ్రేములు జరిపాను. నా ఫోను సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. వేసవిలో కుడిపాదం నేలమీద సుమారు 20 ఫ్రేములుండేది, ఇప్పుడు 16. ఎడమపాదం దాదాపు అలాగే ఉంది. నొప్పి ఉన్న కాలి మీద తక్కువసేపు నిలబడతారని మీ పుస్తకంలో చదివాను కాబట్టి నొప్పి పెరిగిందనుకుంటున్నాను. అంతేకాదు, కుడికాలి మీద బరువు పడినప్పుడు ఇప్పుడు ఒళ్ళంతా కుడిపక్కకి ఒరుగుతోంది, వేసవిలో ఒరగలేదు. బొటనవేలు కూడా బయటికి తిరిగింది. ఆగినప్పుడు కర్ర వదిలి చెయ్యి మోకాలి మీదికి కాకుండా తుంటి మీదికి పోతోంది. కర్ర కూడా ఆయనకి ఎత్తే. చెయ్యి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి రావలసిన పిడి నాలుగు వేళ్ళు పైనుంది.

ఇది మోకాలో, తుంటో, నడుమో చెప్పే చదువు నాది కాదు. మారిందని మాత్రం గట్టిగా చెప్పగలను. ఫోన్లో ఆయన నీతో బాగానే ఉన్నానంటారు, పిన్నిగారికీ అదే చెబుతున్నారు. రెండు వీడియోలూ నీకు మెయిల్లో పెడుతున్నాను, ఒరుగుతున్న ఫ్రేముల దగ్గర ఎర్రగీతలు గీశాను. చూసి, ఇక్కడ ఎవరికి చూపించాలో, ఎక్స్‌రే ఏ భాగానికి తీయించాలో రాయి. వచ్చే శనివారం నాకు స్కూలు లేదు, నేనే తీసుకెళ్తాను. నొప్పి అని చెబితే రారు. కొత్త కర్ర కొలత తీయించాలని చెప్పి తీసుకెళ్తాను, మొక్క నేను పట్టుకుంటాను.

అన్నయ్యగారికి నమస్కారాలు. పిల్లలిద్దరికీ ముద్దులు.

ఇట్లు,
నీ సుజాత